ఓడ కదిలేది సాయంత్రం, రమ్మనేది మధ్యాహ్నం: క్రూజ్ తొలిరోజు లెక్కేంటి?

క్లుప్తంగా: చెన్నై నుంచి క్రూజ్ (విహార ఓడ) ఎక్కే నెల్లూరు, ప్రకాశం జిల్లాల కుటుంబాలకు సందేహాలన్నీ తొలిరోజు మీదే. క్యూలు, తనిఖీలు, ఆలస్యంగా చేతికొచ్చే లగేజీ, ఓడ ఎక్కీ ఎక్కగానే భద్రతా డ్రిల్లు చూసి నిర్వహణ బాగోలేదనుకునేవాళ్లు ఎక్కువ. నిజానికి ఆ ఆలస్యంలో చాలా భాగం ఒకే రోజు ఓడను ఖాళీ చేసి మళ్లీ నింపడం వల్ల, సముద్ర భద్రతా నియమాల వల్ల వచ్చేదే. ప్రయాణికుడి చేతిలో ఉన్నవి మూడు: కాగితాల్లో పేరు, ఏ వస్తువు ఏ బ్యాగులో ఉందన్నది, చెన్నైకి ఎప్పుడు చేరామన్నది.

సెలవులొస్తే తిరుపతి, ఊటీ, అరకు అనుకునే ఇళ్లలో ఈమధ్య ఓడ ప్రయాణం మాట కూడా వినిపిస్తోంది. 2022 జూన్‌లో కార్డెలియా సంస్థ ‘ఎంప్రెస్’ ఓడతో చెన్నై నుంచి విశాఖపట్నం, పుదుచ్చేరి వైపు ప్యాకేజీలు మొదలుపెట్టింది. మరుసటి ఏడాది జూన్‌లో శ్రీలంకలోని హంబన్‌తోట వైపు కూడా నడిపింది. ఆ ఓడ కొత్తదేమీ కాదు. 1990లో ‘నార్డిక్ ఎంప్రెస్’ పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టింది. దాదాపు 210 మీటర్ల పొడవు, 800కు దగ్గరగా క్యాబిన్లు (గదులు). ప్రపంచంలో ఇప్పుడు తిరుగుతున్న పెద్ద క్రూజ్‌ల పక్కన చిన్నదే. కానీ గోదావరి లాంచీ తప్ప మరో పడవ ఎక్కనివాళ్లకు రేవులో దాని పక్కన నిలబడితే అపార్ట్‌మెంటు కింద నిలబడినట్టే ఉంటుంది.

షెడ్యూళ్లు సీజన్‌ను బట్టి మారుతుంటాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలతో అరేబియా సముద్రం పోటెత్తి ఉంటుంది కాబట్టి, ముంబై వైపు తిరిగే ఓడను ఆ నెలల్లో తూర్పు తీరానికి తేవడం వ్యాపారపరంగా సులువైన లెక్క. మన తీరంలో గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాను హెచ్చరిక వస్తే ఓడ వెళ్లే ఊళ్లు మారిపోవచ్చు, ప్రయాణమే రద్దు కావచ్చు. బుకింగ్ షరతుల్లో ఆ హక్కును కంపెనీలు తమ దగ్గరే పెట్టుకుంటాయి.

ఒకే పగలు రెండు పనులు

ఓడ సాయంత్రం ఐదింటికో ఆరింటికో బయలుదేరుతుందని టికెట్‌లో ఉంటుంది. చెక్-ఇన్ మాత్రం మధ్యాహ్నం నుంచే మొదలవుతుంది. ‘అంత ముందు పోయి ఏం చేస్తాం?’ అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

రైలుకు టెర్మినస్‌లో బోగీలు కడిగేందుకు యార్డు ఉంటుంది. విమానాన్ని గంటలోపే తుడిచి మళ్లీ ఎక్కిస్తారు. క్రూజ్ ఓడకు ఈ రెండు వెసులుబాట్లూ లేవు. రేవులో ఖాళీగా ఉండే ప్రతి రోజూ దానికి నష్టమే. అందుకని పాత ప్రయాణికులు దిగిన రోజే కొత్తవాళ్లు ఎక్కుతారు. తెల్లవారుజామున ఓడ రేవుకు చేరుతుంది. ఉదయం పది ప్రాంతానికి అందరినీ దింపేస్తారు. ఆ తర్వాత రెండు, మూడు గంటల్లో వందల క్యాబిన్లలో దుప్పట్లు, తువ్వాళ్లు మార్చాలి, బాత్రూములు కడగాలి, చెత్త దించాలి, కూరగాయలు, పాలు, బియ్యం, మాంసం, మంచినీళ్లు ఎక్కించాలి. ఓడలోకి దారులు కొన్నే. ప్రయాణికులు నడిచే వంతెన ఒకటి, సరుకులు, లగేజీ పోయే తలుపులు వేరే.

క్యాబిన్‌కు ఇద్దరు చొప్పున చూసినా 1,600 మంది. అందరూ రెండింటికే వస్తే ఎక్స్‌రే మెషీన్ల దగ్గరే క్యూ రోడ్డెక్కుతుంది. అందుకే వెబ్ చెక్-ఇన్ చేసేటప్పుడు ఒక్కో బృందానికి ఒక్కో సమయం ఇస్తారు. ఆ సమయం కన్నా గంటన్నర ముందే వెళ్లి కూర్చుంటే లోపలికి పంపకపోవచ్చు. ఆలస్యమైతే అంతకంటే పెద్ద ఇబ్బంది. బయలుదేరడానికి గంట, గంటన్నర ముందే బోర్డింగ్ మూసేయడం ఈ రంగంలో మామూలు. కదిలే ముందు ఓడలో ఉన్న ప్రతి మనిషినీ లెక్కపెట్టాలన్నది అంతర్జాతీయ నియమం. ఆ లెక్క తేలాక ‘సార్, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం’ అని ఎంత బతిమాలినా ఎవరూ ఏమీ చేయలేరు.

కృష్ణపట్నం ఉండగా చెన్నై ఎందుకు?

నెల్లూరు జిల్లాలోనే పెద్ద రేవు ఉంది కదా అని చాలామంది అడుగుతారు. కృష్ణపట్నానికి లోతుతో సమస్య లేదు. అక్కడికి వచ్చే సరుకు ఓడలు చిన్నవేమీ కావు. కానీ అది బొగ్గు, ఖనిజం, ఎరువులు, వంటనూనెల కోసం కట్టిన రేవు. క్రూజ్‌కు కావలసింది ప్రయాణికుల టెర్మినల్, మనుషులను, పెట్టెలను తనిఖీ చేసే ఏర్పాట్లు, విదేశీ ప్రయాణమైతే ఇమ్మిగ్రేషన్ కౌంటర్లు, దగ్గర్లో విమానాశ్రయం. రామాయపట్నంలో కడుతున్నదీ సరుకు రేవే. విశాఖలో 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ మొదలైంది కానీ ఒంగోలు నుంచి చూసినా విశాఖ దాదాపు 500 కిలోమీటర్లు, చెన్నై 290. నెల్లూరు నుంచైతే చెన్నై 175 కిలోమీటర్లే. రెండు జిల్లాలకూ చెన్నైయే దగ్గర.

ఆ దగ్గరతనమే ఒక్కోసారి కొంప ముంచుతుంది. నెల్లూరు నుంచి కారులో మూడున్నర గంటలు చాలనే లెక్కతో ఉదయం టిఫిన్ చేసి బయలుదేరే కుటుంబాలుంటాయి. జాతీయ రహదారి మీద తడ, గుమ్మిడిపూండి దాకా ఆ లెక్క సరిపోతుంది. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఎన్నూరు, కాట్టుపల్లి, చెన్నై రేవులు మూడూ ఉత్తరం వైపే ఉన్నాయి. వాటికి పోయే కంటైనర్ లారీలు మాధవరం, మణలి వైపు రోడ్ల మీద బారులు తీరి ఉంటాయి. మనం వచ్చేదీ ఉత్తరం నుంచే. చివరి ముప్పై కిలోమీటర్లకు పట్టే టైము ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

రైలు కొంత నమ్మకం. పినాకిని ఎక్స్‌ప్రెస్ లాంటివి ఒంగోలు, నెల్లూరుల్లో ఆగి మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్ చేరుస్తాయి. సెంట్రల్ నుంచి రాజాజీ సాలైలోని రేవు మూడు, నాలుగు కిలోమీటర్లే. కాకపోతే ఆ రైలు రెండు గంటలు ఆలస్యమైతే మన చేతిలో మిగిలేది ఏమీ ఉండదు. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్న కుటుంబం ముందురోజు రాత్రికే చెన్నై చేరి ప్యారీస్ కార్నర్, ఎగ్మోర్ వైపు గది తీసుకుంటే ఖర్చు రెండు, మూడు వేలు పెరుగుతుంది. ఓడ టికెట్ మొత్తం పోయే ప్రమాదంతో పోలిస్తే అది పెద్ద ఖర్చు కాదు.

రేవు ప్రాంతం బస్టాండు లాంటిది కాదు, సీఐఎస్ఎఫ్ కాపలా ఉంటుంది. సాగనంపడానికి వచ్చిన బావమరిదినో పక్కింటివాళ్లనో లోపలికి రానివ్వరు. ఓడ ఎక్కేదాకా ఉండి చెయ్యి ఊపుదామనుకుంటే కుదరదు. సొంత కారును ఎక్కడ వదలాలో కూడా ముందే తేల్చుకోవాలి. ఏ గేటులోంచి రావాలన్నది బోర్డింగ్ పాస్ మీదో, కంపెనీ పంపిన మెసేజిలోనో ఉంటుంది. ఆటో డ్రైవరుకు ‘హార్బర్’ అని మాత్రమే చెబితే తిప్పలే, ఆ రేవుకు గేట్లు చాలా ఉన్నాయి.

పేరు దగ్గరే పేచీ

కౌంటర్ దగ్గర క్యూ కదలకుండా ఆగిందంటే చాలాసార్లు కారణం ఎవరో ఒకరి కాగితాలే. ఈ విషయంలో తెలుగు కుటుంబాలకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, బుకింగ్‌లో ఏజెంటు అసలు వదిలేస్తాడు. పెళ్లయిన ఆడవాళ్లకు ఒక కార్డులో పుట్టింటి ఇంటిపేరు, మరో కార్డులో అత్తింటిది. నెల్లూరు వైపు ఇంటికొకరైనా కనిపించే పెంచలయ్య పేరునే తీసుకోండి. ఇంగ్లిషు స్పెల్లింగులో ఒక చోట ‘హెచ్’ ఉండదు, ఇంకో చోట చివర ‘వై’ వస్తుంది. దేశంలోనే తిరిగి వచ్చే ప్రయాణమైతే చిన్న తేడాను సర్దుకుపోవచ్చు. శ్రీలంక వెళ్లే ఓడకు పాస్‌పోర్టులో ఎలా ఉందో బుకింగ్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. పాస్‌పోర్టుకు ఆరు నెలలకు తక్కువ కాకుండా గడువు మిగిలి ఉండాలి, వీసా అనుమతి కావాలో లేదో ముందే కనుక్కోవాలి.

పిల్లల విషయానికొస్తే, అయిదేళ్లలోపు వాళ్లకు నీలం రంగు బాల ఆధార్ ఉంటుంది. అందులో బయోమెట్రిక్స్ ఉండవు. జనన ధ్రువపత్రం కూడా వెంట ఉంచుకుంటే మాట పెరగదు. తాతా నాయనమ్మలు మనవళ్లను తీసుకెళ్లే సందర్భాలు మన దగ్గర ఎక్కువ. తల్లిదండ్రులు వెంట లేనప్పుడు వాళ్ల సంతకంతో అనుమతి లేఖ అడగడం క్రూజ్ కంపెనీల్లో మామూలే. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు ఆ కాగితాన్ని బోర్డింగ్ రోజున వాట్సాప్‌లో పంపితే ఒప్పుకుంటారో లేదో కౌంటర్‌లో కూర్చున్నవాళ్ల దయ.

వయసు, ఆరోగ్యం మీద కూడా హద్దులుంటాయి. ఆరు నెలల్లోపు పసివాళ్లను, 24 వారాలు దాటిన గర్భిణులను చాలా కంపెనీలు ఎక్కించుకోవు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. ఓడలో డాక్టరు ఉంటారు గానీ ప్రసూతి వార్డు, పసిపిల్లల ఐసీయూ ఉండవు, ఒడ్డు గంటల దూరంలో ఉంటుంది. ఈ షరతును బుకింగ్ రోజునే చదువుకోవాలి. రేవు దగ్గర తెలిస్తే కుటుంబమంతా ఇంటిముఖం పట్టాల్సి వస్తుంది.

పెద్ద పెట్టె ఒక దారి, మనుషులు ఒక దారి

విమానంలో మన పెట్టె మనం దిగే ఊళ్లో కనిపిస్తుంది. ఓడలో క్యాబిన్ తలుపు ముందు కనిపిస్తుంది, ఎప్పుడన్నదే తెలియదు. టెర్మినల్ గుమ్మం దగ్గరే సిబ్బంది పెట్టెలకు క్యాబిన్ నంబరున్న ట్యాగ్ కట్టి తీసుకుపోతారు. అవి ఎక్స్‌రే దాటి, బండ్లెక్కి, ఓడలో డెక్కుల (అంతస్తుల) వారీగా విడిపోయి, నడవాల్లోకి వస్తాయి. వేల పెట్టెలు కొన్ని లిఫ్టుల్లోంచే పోవాలి. సాయంత్రం అయిదింటికి వచ్చేవి కొన్ని, రాత్రి భోజనాల వేళకు వచ్చేవి కొన్ని.

అందువల్ల చేతిలో ఉంచుకునే బ్యాగే ఆ రోజంతా దిక్కు. బీపీ, షుగరు మాత్రలు, ఇన్సులిన్, పసివాళ్ల పాలపొడి, డైపర్లు, కళ్లజోడు, ఛార్జర్లు, కాగితాలన్నీ, పిల్లలకు ఒక జత బట్టలు, ఈత దుస్తులు అందులో ఉండాలి. ఎక్కిన గంటకే పిల్లలు స్విమ్మింగ్ పూల్ చూసి ఆగరు. ఈత దుస్తులు పెద్ద పెట్టెలో ఉంటే ఆ పూట గోలే గోల.

ఇక ఓడలోకి రానివ్వని వస్తువులు. ఇస్త్రీ పెట్టె, కరెంటు కెటిల్, నీళ్లు కాచుకునే హీటరు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, కొవ్వొత్తులు, అగరుబత్తీలు, కత్తులు, మద్యం. వీటిలో మొదటి ఆరింటికీ కారణం ఒక్కటే, నిప్పు. నడిసముద్రంలో ఫైరింజన్ రాదు. సముద్ర ప్రయాణంలో మునిగిపోవడం కన్నా సిబ్బంది ఎక్కువగా భయపడేది మంటలకే. పొద్దున్నే లేచి దీపం పెట్టుకునే పెద్దవాళ్లకు ఈ సంగతి ఇంట్లోనే చెప్పాలి. రేవు దగ్గర చెబితే మనసు కష్టపెట్టుకుంటారు.

తిండి విషయం మరో తలనొప్పి. మన ప్రయాణాల్లో మొదట సర్దేది పచ్చళ్ల సీసాలు, పులిహోర, జంతికలు. క్రూజ్ కంపెనీలు బయటి తిండిని సాధారణంగా ఒప్పుకోవు. వేలమంది ఒకే కప్పు కింద ఉండే చోట ఒక క్యాబిన్‌లో మొదలైన వాంతులు, విరేచనాలు రెండు రోజుల్లో ఓడంతా పాకిన సంఘటనలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. పైగా పరాయి దేశపు రేవులో దిగేటప్పుడు అక్కడి క్వారంటైన్ నియమాలుంటాయి. చంటిపిల్లల ఆహారానికి, డాక్టరు రాసిన వాటికి మాత్రం మినహాయింపు దొరుకుతుంది. గోంగూర సీసాకు దొరకదు. ఎక్స్‌రేలో ఆ సీసా పడితే పెట్టెను పక్కన పెడతారు, యజమానిని పిలిచి తీయిస్తారు, క్యాబిన్‌కు చేరాల్సిన పెట్టెల్లో అది చివరిదవుతుంది. కారం, ఉప్పు సరిపోని తిండి రెండు పూటలు తినలేని వాళ్లు ఉంటే, ఏ రకం భోజనం పెడతారో, అందులో జైన్, శాకాహారం విడిగా ఉంటాయో లేదో బుకింగ్ అప్పుడే అడిగితే మంచిది.

కార్డు, క్యాబిన్, మొదటి గంటలు

కౌంటర్ దగ్గర ఫొటో తీసి ప్రతి ఒక్కరికీ ఒక కార్డు ఇస్తారు. తలుపు తాళం అదే, ఓడలో జేబూ అదే. లోపల నోట్లు పెద్దగా చెల్లవు. కూల్‌డ్రింకు, ఫొటో, స్పా, వైఫై అన్నీ ఆ కార్డు మీద రాసుకుని చివర్లో బిల్లు వేస్తారు. ముందుగా కొంత డిపాజిట్ కట్టించుకోవడమో, క్రెడిట్ కార్డును జత చేయించుకోవడమో ఉంటుంది. టికెట్‌లో అన్నీ ఉన్నాయనుకుని ఎక్కి, దిగేటప్పుడు బిల్లు చూసి గొడవపడేవాళ్ల లెక్క ఇక్కడే తప్పుతుంది. ముందే తేల్చుకోవాల్సినవి రెండు. రేవు రుసుములు, జీఎస్టీ, సర్వీస్ చార్జీ టికెట్ ధరలో కలిశాయా లేదా అన్నది ఒకటి. పిల్లల కార్డు మీద ఖర్చు ఆపించడం రెండోది. అడిగితే ఆపుతారు.

ఎక్కిన వెంటనే క్యాబిన్ తెరవకపోవచ్చు. శుభ్రం చేసే పని అప్పటికి పూర్తయి ఉండదు. ఆ సమయంలో అందరూ బఫే వైపే నడుస్తారు, తొలిరోజు మధ్యాహ్నం అక్కడి రద్దీ చూసి ‘మూడు రోజులూ ఇంతేనా’ అని నీరసపడతారు. మరుసటి రోజుకు ఆ రద్దీ తగ్గుతుంది, ఎందుకంటే జనం వేర్వేరు డెక్కులకు, వేర్వేరు వేళలకు సర్దుకుంటారు. ఆ ఖాళీ సమయంలో చేయదగ్గ పనులు పిల్లల ఆటగదిలో పేర్లు రాయించడం, రాత్రి భోజనానికి మొదటి పంక్తో రెండోదో తేల్చుకోవడం. ఇంట్లో ఎనిమిదింటికి తిని పడుకునే నాయనమ్మకు రెండో పంక్తి ఇబ్బందే.

నలుగురి క్యాబిన్ అంటే హోటలు గదిని ఊహించుకోకూడదు. కింద రెండు మంచాలు, గోడలోంచో పైకప్పులోంచో దించే బెర్తులు రెండు. రైలు స్లీపర్‌లో పెరిగిన పిల్లలకు పై బెర్తు సరదా. కానీ నాలుగు పెద్ద సూట్‌కేసులు తెరిచి పెట్టేంత నేల ఉండదు.

ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత

తొలిరోజు జనం ఎక్కువగా విసుక్కునేది భద్రతా డ్రిల్లుకే. పూల్ దగ్గర, బఫే దగ్గర ఉన్నవాళ్లందరినీ లేపి, కార్డు మీద రాసిన చోటుకు పొమ్మంటారు. పేర్లు స్కాన్ చేస్తారు, లైఫ్ జాకెట్ తొడుక్కునే తీరు చూపిస్తారు. కొన్ని కంపెనీలు కోవిడ్ తర్వాత వీడియో ఫోన్‌లో చూపించి, ఆ చోటుకు వెళ్లి హాజరు వేయించుకుంటే చాలంటున్నాయి. ఎలా చేసినా తప్పించుకునే వీలు లేదు.

దీని వెనక పెద్ద కథే ఉంది. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో సముద్రంలో ప్రాణరక్షణకు అంతర్జాతీయ ఒప్పందం రాశారు. ‘సోలాస్’ అని పిలిచే ఆ ఒప్పందానికి ఇప్పుడు అమల్లో ఉన్న రూపం 1974 నాటిది. చాలాకాలం దాని ప్రకారం ప్రయాణికులు ఎక్కిన 24 గంటల్లోపు డ్రిల్లు పెడితే సరిపోయేది. 2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో ద్వీపం దగ్గర ‘కోస్టా కాంకోర్డియా’ రాళ్లను గుద్దుకుంది. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే చివితావెక్యా రేవులో ఎక్కిన వందల మందికి అప్పటికి డ్రిల్లు జరగలేదు. మరుసటి రోజు పెడదామనుకున్నారు, నియమం ప్రకారం అది తప్పు కూడా కాదు. చీకట్లో, ఓడ ఒక పక్కకు ఒరుగుతుంటే, ఎటు పోవాలో తెలియనివాళ్లు నడవాల్లో చిక్కుకుపోయారు. ఆ తర్వాత నియమం మార్చారు. 2015 జనవరి 1 నుంచి, ఓడ కదలడానికి ముందో కదిలిన వెంటనో డ్రిల్లు జరిగి తీరాలి.

మనవాళ్లకు ఇది చెప్పడానికి ఇటలీ దాకా పోనక్కర్లేదు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల మంది పోయారు. ఆపద వచ్చాక జాకెట్ వెతుక్కునే టైము ఉండదన్నది ఆ రోజు తేలిపోయింది. ఓడలో ఆపద సంకేతం ఏడు లేదా అంతకన్నా ఎక్కువ పొట్టి కూతలు, ఆపై ఒక పొడుగు కూత. అది వినబడగానే క్యాబిన్‌కు సామాన్ల కోసం పరుగెత్తకుండా తమ చోటుకు పోవాలి. లిఫ్టు వాడకూడదు.

కుటుంబంతో వెళ్లేవాళ్లు రెండు విషయాలు గట్టిగా చూసుకోవాలి. పెద్దల జాకెట్ పిల్లలకు తొడిగితే నీళ్లలో మెడ దగ్గర జారిపోతుంది. మొత్తం ప్రయాణికుల సంఖ్యలో కనీసం 10 శాతానికి సమానంగా పిల్లల సైజు జాకెట్లు ఓడలో ఉండాలని సోలాస్ చెబుతోంది, పసివాళ్ల సైజు వేరే. క్యాబిన్‌లో అవి కనిపించకపోతే ఆ సాయంత్రమే అడిగి తెచ్చుకోవాలి. రెండోది, పిల్లలు ఆటగదిలో ఉండగా కూత వినిపిస్తే తల్లిదండ్రులు అక్కడికి పరుగెత్తాలా, సిబ్బందే పిల్లలను తెస్తారా? దీనికి ఒక్కో ఓడలో ఒక్కో పద్ధతి. డ్రిల్లులో అడగాల్సిన ప్రశ్న ఇదే, చాలామంది అడగనిదీ ఇదే.

కదిలాక

రేవులో దారి చూపే పైలట్ ఓడలోకి వస్తాడు, టగ్ పడవలు పట్టి లాగుతాయి, అలలను ఆపే బ్రేక్‌వాటర్ గోడ దాటేదాకా ఓడ మెల్లగానే పోతుంది. అల ఊపు తెలిసేది ఆ తర్వాతే. కన్ను ‘గది కదలడం లేదు’ అంటుంది, లోపలి చెవి ‘కదులుతోంది’ అంటుంది, ఆ రెంటికీ కుదరక కడుపులో తిప్పుతుంది. ఓడ మధ్యలో, కింది డెక్కుల్లో ఊపు తక్కువ. ముందు కొసన, పైన ఎక్కువ. బస్సులో వాంతులయ్యేవాళ్లు ఇంట్లో ఉంటే క్యాబిన్ ఎంచుకునేటప్పుడే ఇది చూసుకోవాలి. మాత్ర కూడా తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు, డాక్టరును అడిగి ముందే వేసుకోవాలి. పిల్లల మోతాదు వేరు.

ఒడ్డు నుంచి దూరం పెరిగే కొద్దీ సిగ్నల్ పోతుంది. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, కొన్ని ఓడల్లో ఫోను దానంతటదే శాటిలైట్ ఆధారిత సముద్ర నెట్‌వర్క్ పట్టుకుంటుంది. దాని రేటు మన మామూలు ప్లాన్‌లో ఉండదు, నిమిషానికి, ఎంబీకి విడిగా పడుతుంది. చెన్నై తీరం కనిపిస్తుండగానే ఊరికి చేయాల్సిన ఫోన్లు చేసేసి, ఫ్లైట్ మోడ్‌లో పెట్టుకుని, కావాలంటే ఓడ వైఫై కొనుక్కోవడం చవక. పిల్లల చేతుల్లో ఉన్న ఫోన్లను కూడా ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి.